దుర్యోధనుడికి దక్కిన న్యాయం

మన రాజకీయాల్లో మహానుభావుడు కావాలంటే ఒకే ఒక్క అర్హత చాలు: పోవాలి. పోయిన మర్నాడే తప్పులన్నీ మాఫీ. నిన్నటిదాకా తిట్టినవాళ్లంతా శిష్యులు. చచ్చినవాడి కళ్లు చారెడని పెద్దలు ఊరికే అన్నారా? ఆ చారెడు కళ్లను ఫ్లెక్సీ మీద బారెడు చేసి కట్టడానికి మనకు స్తంభాల కొరత కూడా లేదు. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ స్తంభాలు బండ్ల బరువు ఎరగకుండా ఏళ్లకేళ్లు నిలబడ్డాయి గానీ, జయంతులూ వర్ధంతులూ మోయడానికి ఎన్నడూ వెనకాడలేదు.

ఈ చుట్టుపక్కలే ఇద్దరు దివంగతుల ముద్ర ఉంది. ఉప్పల్ స్టేడియం పేరు రాజీవ్ గాంధీది. నాచారంలో స్టూడియో కట్టినవాడు ఎన్టీ రామారావు. 1982లో రాజీవ్ బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను నలుగురిలో చీవాట్లు పెట్టాడు. తెలుగువారి ఆత్మగౌరవం మంటగలిసిందంటూ రామారావు ఊరూరా తిరిగాడు. తెలుగుదేశం పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే గద్దెనెక్కాడు. మరి ఆ పార్టీ ఏం చేసింది? 2018 ఎన్నికల్లో అదే కాంగ్రెస్‌తో కూటమి కట్టింది. ఆ పొత్తులో దానికి దక్కిన సీట్లలో ఉప్పల్ ఒకటి. ఆత్మగౌరవం సీట్ల సర్దుబాటులో పోయింది. పోస్టర్ మీద అన్నగారు మాత్రం నవ్వుతూనే ఉన్నారు. పోయినవారితో అదే సుఖం, రాజీనామా చేయరు.

నాచారం స్టూడియో 1976 నాటిది. మరుసటి సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో రామారావు కృష్ణుడూ తానే, కర్ణుడూ తానే, దుర్యోధనుడూ తానే. దుర్యోధనుడికి అభిమానం ఇచ్చాడు, స్నేహధర్మం ఇచ్చాడు, చివరికి ఓ డ్యూయెట్ కూడా ఇచ్చాడు! అంతకుముందే రావణుడిలోని భక్తుణ్ణీ పండితుణ్ణీ తెర మీద నిలబెట్టాడు. చెడ్డవాడిలో మంచిని చూడమని జనానికి నేర్పిన నటుడాయన. ఆ జనానికే ఇవాళ ఆయనలో ఒక్క తప్పు చూపిస్తే మనోభావాలు దెబ్బతింటాయి. దుర్యోధనుడికి దక్కిన న్యాయం ఆయనకు దక్కదన్నమాట.

పద్దు తీయండి, రెండు వైపులా రాద్దాం. పేదవాడికి కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాడు. పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసి తెలంగాణ పల్లె మెడ మీంచి ఒక కాడి దించాడు. ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా చట్టం తెచ్చాడు. ఇక రెండో వైపు. పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించి ఉద్యోగులను రోడ్డెక్కించాడు. తెలంగాణలోని స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపేందుకు 1985 డిసెంబరులో 610 జీవో ఇచ్చి, అమలును గాలికొదిలాడు. అదే ఏడాది జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను ఊచకోత కోశారు. అది స్వయానా ఆయన వియ్యంకుడి ఊరు. ఇందులో ఏ వైపు కొట్టేసినా పద్దు దొంగలెక్కే.

దొంగలెక్క రాయడంలో మనవాళ్లు ఘనులు. 2019లో కుమారుడే నటించిన 'ఎన్టీఆర్' సినిమా రెండు భాగాలుగా వచ్చింది. రెండు భాగాలు తీసినా కథ ఆయన్ను గద్దె దింపిన 1995 ఆగస్టు దాకా రాలేదు! భార్య బసవతారకం మరణంతో శుభం కార్డు పడింది. వైస్రాయ్ హోటల్ ముందు సొంత పార్టీవాళ్లున్న చోటే ఆయన మీద చెప్పులు పడ్డ రోజు నిడివి సరిపోలేదు కాబోలు. 2019లోనే రామ్‌గోపాల్ వర్మ 'లక్ష్మీస్ ఎన్టీఆర్'కు ఆ చివరి అంకమే ముడిసరుకైంది. సరిగ్గా ఎన్నికల ముందు ఒకరికి మొదటి సగం కావలసివచ్చింది, ఇంకొకరికి రెండో సగం. మొత్తం మనిషి ఎవరికీ అక్కర్లేదు.

బతికున్న రామారావు మాట వినడు, కోప్పడతాడు, కుర్చీ అడుగుతాడు. అందుకే 1995లో దింపేశారు. 1996 జనవరి 18న కన్నుమూసినవాడు ఏమీ అడగడు. అందుకే ఆయన పేరు జిల్లాకు పెట్టారు, ఆయన బొమ్మతో 2023లో వంద రూపాయల నాణెం వేశారు. ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉన్న ఆయన పేరును 2022లో ఒక ప్రభుత్వం పీకేసి మరో దివంగతుడు రాజశేఖరరెడ్డి పేరు పెడితే, 2024లో వచ్చిన ప్రభుత్వం మళ్లీ తిప్పి పెట్టింది. ఇద్దరు ముఖ్యమంత్రులు పోయాక కూడా బోర్డు కోసం కుస్తీ పట్టాల్సి వచ్చింది. వాళ్ల పాలనలో ఏది నిలిచింది, ఏది కూలిందన్న చర్చ మాత్రం ఏ సభలోనూ లేదు.

పోయినవాళ్లను తిట్టమని ఎవరూ అనడం లేదు. దేవుణ్ణి చేసి గుడిలో పెట్టి తాళం వేయొద్దంటున్నాం, అంతే. వచ్చే మే 28న రామారావు జయంతి సభలో మీ చేతికి ఎవరైనా మైకిస్తే, రెండు రూపాయల బియ్యం గురించి చెప్పిన నోటితోనే కారంచేడు గురించీ చెప్పండి. ఎవరైనా మైకు లాక్కుంటే సంగతి తేలిపోయినట్టే: వాళ్లు దండ వేసింది రామారావుకు కాదు, తమ మెడకే.