మత్స్యశాఖ కమిషనర్ గారికి ఒక గాలంగాడి అర్జీ

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారి దివ్యసముఖానికి, హైదరాబాద్ హైటెక్ సిటీ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ గాలంగాడు నమస్కరించి రాసుకొను బహిరంగ లేఖ.

అయ్యా,

పక్క రాష్ట్రం వాడి అర్జీ అని పక్కన పడేయకండి. విభజనలో సముద్రం మీకు పోయింది. మాకు దుర్గం చెరువు మిగిలింది, తర్వాత దానిమీద కేబుల్ బ్రిడ్జి వచ్చింది. ఉప్పునీటి చేపను గాలానికి పట్టాలనే పిచ్చి ఉన్నవాడు శుక్రవారం సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్కి తెల్లారేసరికి విశాఖలో దిగాల్సిందే.

మొన్న మే నెలలో మా టీమ్ అలాగే దిగింది. ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ ఒకదానికొకటి ఆనించి కట్టేసి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని, ‘బాబాయ్, ఓ రెండు గంటలు తిప్పి తెస్తావా’ అనడిగాం. ‘జూన్ పద్నాలుగు దాటాక రండి బాబూ, ఇప్పుడు చేప గుడ్లు పెట్టే కాలం’ అన్నాడు. ఎంతైనా ఫోన్‌పే చేస్తామన్నాం. చేతిలో ముడి వదలకుండానే నవ్వాడు.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు. 2015కు ముందు 47 రోజులే ఉండేదట. ఇంజనున్న పడవ కదలకూడదు, తెడ్డేసుకునే తెప్పకు మాత్రం మినహాయింపు. మావాళ్ళకు తెడ్డు వేయడం జిమ్ములో మెషిన్ మీద తప్ప చేతకాదు. పైగా హైదరాబాదంతా చేపల కోసం ఎగబడే మృగశిర కార్తె సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తుంది. కొరమీను ఉంది కాబట్టి బతికిపోతున్నాం.

నిషేధం ఎత్తేయమని అడుగుతాననుకుంటున్నారేమో. లేదండీ. ఆన్‌సైట్ పుణ్యమా అని హ్యూస్టన్లో ఉన్నప్పుడు గాల్వెస్టన్ నుంచి చార్టర్ బోటెక్కాను. అక్కడ ఫెడరల్ జలాల్లో జూన్ 1న రెడ్ స్నాపర్ సీజన్ తెరుస్తారు. తలకు రెండే చేపలు, 16 అంగుళాలకు తగ్గితే వెనక్కి. వెనక్కంటే విసిరేయడం కాదు. లోతు నుంచి లాగిన చేపకు గాలితిత్తి ఉబ్బి, పొట్ట నోట్లోంచి బయటికొస్తుంది. అలాగే వదిలితే మునగలేక తేలుతుంది, పక్షులు తన్నుకుపోతాయి. అందుకని దవడకు బరువున్న క్లిప్పు తగిలించి కిందికి దించుతారు. లోతుకెళ్ళాక నీటి ఒత్తిడికి క్లిప్పు దానంతటదే ఊడుతుంది. అలాంటి పరికరమేదో ఒకటి బోటులో ఉండాలని 2022లో చట్టమే అమల్లోకొచ్చింది.

రెండు చేపలకు అన్ని డాలర్లా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. రెండోది పడ్డాక మనిషి ఖాళీ అవుతాడు, పక్కవాడికి ఉచిత సలహాలిస్తాడు, అప్పుడు గానీ సముద్రం కంటికి ఆనదు. లెక్కలేనన్ని పట్టుకోవచ్చంటే మావాళ్ళు బోటు మీద కూడా ఎక్సెల్ షీటు తెరిచేవారు.

అసలు విషయానికొస్తాను. మా సరదా ఒక్క శనివారం ఆగితే లేఖలు రాస్తున్నాం. వేట మీదే బతికే ఇంట్లో రెండు నెలలు రాబడి ఆగుతుంది. ఆ ఇంటికిచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలైంది. మా టీమ్ లీడ్ జపాన్ రీలు ఒక్కటే అంతకన్నా ఎక్కువ. అమెరికాలో 1950 నాటి చట్టం ప్రకారం గాలం కర్రల మీద, రీళ్ళ మీద పది శాతం పన్ను వేసి చేపల సంరక్షణకు ఖర్చు పెడతారు. టెక్సాస్‌లో లైసెన్సు మీద ఉప్పునీటికి విడిగా మరో రుసుము కూడా ఉంది. మా మీదా ఏదో ఒకటి వేయించండి, ఆ డబ్బు భృతిలో కలపండి. చూడని ఓటీటీలకే నెలనెలా కడుతున్నాం, ఇదో లెక్కా?

బదులుగా ఒక్క కోరిక. మా టవర్లలో మీటింగులు ఏడాది పొడుగునా గుడ్లు పెడుతూనే ఉంటాయి. ఆ 61 రోజుల నిషేధాన్ని రాయదుర్గం నుంచి గచ్చిబౌలి దాకా వాటికి కూడా వర్తింపజేయగలరు. భృతి అక్కర్లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక గాలంగాడు