బీచ్ రోడ్డు సోడియం దీపం

నేను 250 వాట్ల సోడియం వీధి దీపాన్ని. విశాఖపట్నం బీచ్ రోడ్డులో చాలా ఏళ్లు వెలిగాను. 2002లో కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకెక్కించి మ్యూజియం చేసినప్పుడు, దాన్ని చూసి మొక్కజొన్న పొత్తులు తింటూ ఇళ్లకు మళ్లిన జనం నా వెలుగులోనే నడిచారు. ఉప్పుగాలికి నా అల్యూమినియం పెట్టె పొక్కులెత్తింది. లోపల బల్బులు మారాయి, ఇగ్నైటర్లు మారాయి. రాగి తీగ చుట్టిన చోకు మాత్రం మొదటిరోజు బిగించినదే.

నేను వెలగడమే ఒక తతంగం. సాయంత్రం కరెంటు రాగానే ఇగ్నైటర్ మూడు నాలుగు వేల వోల్టుల దెబ్బలు వేస్తుంది. బల్బు మధ్యలో వేలెడు పొడవున సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. అందులోని జెనాన్ వాయువు ముందుగా నీలితెలుపుగా మినుకుమంటుంది. ఆ వేడికి పాదరసం, సోడియం కలిసిన చిన్న ముద్ద ఆవిరవుతుంది. చిక్కటి పసుపు వస్తుంది. ఆవిరి ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ పసుపు విచ్చుకుని బంగారు రంగుకు తిరుగుతుంది. అంతా అయ్యేసరికి నాలుగైదు నిమిషాలు. మధ్యలో కరెంటు పోయి వెంటనే వచ్చినా నేను వెంటనే వెలగలేను. గొట్టం చల్లారి ఒత్తిడి తగ్గేదాకా ఆగాల్సిందే.

ఆ గొట్టం గాజుది కాదు. కాగిన సోడియం గాజును తినేస్తుంది, క్వార్ట్జ్‌నూ వదలదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన రాబర్ట్ కోబుల్ 1950ల చివర వెలుగును సాగనిచ్చే అల్యూమినా పింగాణీని తయారు చేశాడు. పింగాణీల చరిత్రలో అదెంత పెద్ద మలుపో చెప్పేవాళ్లు తక్కువ. ఆ పింగాణీ లేకపోతే నా జాతే లేదు.

2014 అక్టోబరు 7న, తెల్లటి ఎల్‌ఈడీ దీపాలకు మూలమైన నీలి ఎల్‌ఈడీని సాధించిన అకాసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. సరిగ్గా ఐదు రోజులకు, 12వ తేదీ ఆదివారం, హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. నా స్తంభం ఒరిగిపోయింది. పక్క స్తంభాలు కొన్ని మొదలంటా కూలాయి. ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. తిరిగి వెలుగు తెచ్చే పనిలోనే నగరం ఎల్‌ఈడీలకు మారింది. 90 వేలకు పైగా వీధి దీపాలు కొత్తవి వచ్చాయి. మమ్మల్ని దించి లారీలకెత్తారు.

పాత ఇనుము కొట్టులో నా తోటివాళ్లను పగలగొట్టడం చూశాను. వాళ్లకు కావలసింది చోకులోని రాగి. రాగిని కిలోల లెక్కన తూచి, మిగిలినది మూలకు విసిరారు. బల్బుల్లోని పాదరసం మట్టిలో కలుస్తుందన్న ఆలోచన అక్కడ ఎవరికీ లేదు. ఆ పని అలా జరగకూడదు. నా వంతు రాకముందే ఐటీఐలో వైర్‌మన్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారొకాయన నన్ను తూకం ధరకే కొనుక్కుని గాజువాకలో తన ఇంటికి తెచ్చారు.

ఆయన షెడ్డులో నాకు చాలామంది చుట్టాలున్నారు. ఆకుపచ్చ ఛాయ తెలుపుతో వెలిగే పాదరసపు దీపం, నాలుగడుగుల లావు ట్యూబులైట్లు, సినిమా ప్రొజెక్టరు బల్బులు, ఎర్రటి తీగతో వెలిగే పాత ఫిలమెంటు బల్బులు. ఆదివారాలు ఆయన శిష్యుడైన లైన్‌మన్ వస్తాడు, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేడం వస్తారు. లక్స్ మీటరు, వాట్ మీటరు పెట్టుకుని మమ్మల్ని ఎల్‌ఈడీలతో పోల్చి చూస్తారు. మొండి వాదనలు కావవి, కొలతలు.

"చోకుతో కలిపి ఇది 280 వాట్లు లాగుతోంది మాస్టారూ. ఆ ఎల్‌ఈడీ 120కే రోడ్డు మీద అంత వెలుగూ పోస్తోంది" అన్నాడు లైన్‌మన్.

నిజమే. నా బల్బు కొత్తలో 27 వేల ల్యూమెన్ల దాకా వెలుగు ఇస్తుంది, కానీ అన్ని వైపులకూ. పైకి పోయినదాన్ని అద్దంతో కిందికి మళ్లించేసరికి కొంత పెట్టెలోనే పోతుంది. ఎల్‌ఈడీ కావలసిన చోటికే చూస్తుంది. ఇంకో సంగతి: నా కింద ఎర్రచీర గోధుమరంగు, నీలం చొక్కా నలుపు. రంగులను చూపే సూచికలో 100కి నాకు 25 కూడా రావు. దొంగ ఎక్కిపోయిన బండి రంగు చెప్పలేక సాక్షులు తికమకపడితే అది నా వెలుగు వల్లే.

మేడం సీడీ ముక్కను అట్టపెట్టెలో పెట్టి మా వెలుగును రంగులుగా విడదీసి చూపించారు. నా పసుపు నడిమధ్యన, 589 నానోమీటర్ల దగ్గర, ఒక నల్లటి గీత. సోడియం ఎక్కువగా వెలగాల్సిన చోటే చీకటి! గొట్టం అంచున చల్లగా ఉన్న ఆవిరి, మధ్యలో పుట్టిన తన రంగు వెలుగును తానే మింగేస్తుందని ఆవిడ చెప్పారు. నా లోపల ఏం జరుగుతోందో నాకే మొదటిసారి తెలిసింది. ఎల్‌ఈడీకి మాత్రం 450 దగ్గర నిటారైన నీలి శిఖరం. నీలి చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత పూసి తెలుపు పుట్టిస్తారు కాబట్టి ఆ నీలం పూర్తిగా పోదు.

మన్నిక దగ్గర మాత్రం నా మాట నెగ్గింది. "ఎల్‌ఈడీ పోవట్లేదు మాస్టారూ, దానికి కరెంటు అందించే డ్రైవరు పోతోంది" అన్నాడు లైన్‌మన్. ఎండకు కెపాసిటర్లు ఎండిపోతాయి, పిడుగుపాటు వోల్టేజికి సర్క్యూటు కాలుతుంది, చాలాసార్లు పెట్టె మొత్తం దించాల్సి వస్తుంది. నాలో బల్బు, చోకు, ఇగ్నైటర్ వేటికవి. పోయినదాన్ని స్తంభం మీదే మార్చేస్తారు. నా బల్బు ముసలిదైతే ముందే చెబుతుంది కూడా. సోడియం తరిగేకొద్దీ దానికి ఎక్కువ వోల్టేజి కావాలి. చోకు అంత ఇవ్వలేదు. వెలిగి, ఆరి, చల్లారి, మళ్లీ వెలుగుతుంది. వైరింగు పాడైందనుకుంటారు జనం. అనుభవమున్న లైన్‌మన్ కొత్త బల్బు పట్టుకొస్తాడు.

నా మనసులో మాత్రం సముద్రమే ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకలో గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. దాదాపు 50 రోజులకు పిల్లలు బయటికొచ్చి, ఎటు వెలుగుంటే అటు పరిగెడతాయి. మనుషులు లేని తీరంలో రాత్రి వెలుగు సముద్రం వైపే ఉంటుంది. బీచ్ రోడ్డులో మాత్రం నేనుండేదాన్ని. అటవీ శాఖవాళ్లు గుడ్లు ఏరి కంచె వేసిన చోట పొదిగించినా, కంటబడని గూళ్లు ఉంటూనే ఉంటాయి. తాబేళ్ల కళ్లకు నీలం, ఆకుపచ్చ వెలుగులు బాగా ఆనుతాయి, ఎర్రపసుపులు తక్కువ. నా బంగారు వెలుగు వాటికి పూర్తిగా మంచిదని చెప్పను. కానీ నీలి శిఖరమున్న తెల్లటి వెలుగు ఇంకా గట్టిగా లాగుతుంది.

దానికి విరుగుడూ ఎల్‌ఈడీలోనే ఉంది. పోయినసారి మేడం తేనెరంగు ఎల్‌ఈడీ ఒకటి తెచ్చి నా పక్కన బిగించారు. సీడీ ముక్కలో చూస్తే నీలం కనబడలేదు. నాలాగా ఐదు నిమిషాలు ఆగాల్సిన పనిలేదు, అర్ధరాత్రి తర్వాత సగానికి తగ్గించుకోవచ్చు, వాట్లూ నాకంటే తక్కువే. మాస్టారు చాలాసేపు దాని కిందే నిలబడి, చేతి మీద పడ్డ వెలుగును తిప్పితిప్పి చూసుకున్నారు.

నన్ను మళ్లీ బీచ్ రోడ్డుకు ఎక్కించమని అడగను. నా పాత స్తంభం ఉన్నచోట అలాంటి తేనెరంగు దీపాలు పెట్టండి. వాటికి పైన టోపీ బిగించి, ఇసుక మీద వెలుగు పడకుండా రోడ్డు మీదికే వంచండి. జనవరి లోపే ఆ పని కావాలి.