ఫ్లానెల్ బోర్డు మహాసంగ్రామం

ఆదివారం, ఉదయం ఎనిమిది గంటల శుభవేళ. నైమిశారణ్యమున సూతుని చుట్టిన శౌనకాది మహామునుల వలె, ఆకుపచ్చ ప్లాస్టిక్ చాపపై ఇరవైమంది బాలమునులు సండే స్కూలు టీచరమ్మను చుట్టుముట్టి కూర్చుండిరి. ఆ మునులు తపస్సు చేసినవారు, వీరు గిల్లుకొనువారు. కుడి పిడికిట కానుక రూపాయి, ఎడమ పిడికిట సగం చప్పరించిన బిళ్ల, నోట రాత్రి వల్లించి తెల్లారేసరికి పోగొట్టుకొన్న బైబిలు బంగారు వాక్యం.

ఈ బడి వంశం సామాన్యమైనది కాదు. 1780లో ఇంగ్లండున గ్లాస్టర్ పట్టణమందు రాబర్ట్ రైక్స్ అను పత్రికాధిపతి, ఆరు దినాలు పనిచేసి ఏడవనాడు వీధులేలు పిల్లలను పోగేసి చదువు చెప్పించెను. అక్కడి నుంచి సముద్రాలు దాటి మా కాలవగట్టు చర్చి దాకా వచ్చినది.

ఇక మా బడి ఫ్లానెల్ బోర్డు వైభవమేమని చెప్పుదును! మేకు లేదు, జిగురు లేదు. బొమ్మ వీపున ఉన్న నూగు, బోర్డుపై పరచిన నీలి ఫ్లానెల్ నూగును పట్టుకొనును. ఆ లోకానికి అదే గురుత్వాకర్షణ. దానిపై బైబిలు కథలోని రాక్షసుడు గొల్యాతు వెలసెను. గ్రంథం ప్రకారం ఆరు మూరల జానెడు పొడవు, అయిదు వేల తులాల కవచం. బోర్డు ప్రకారం ఆ మూరలు పోగా మిగిలిన జానెడే. కవచంతో కలిపి తులమైనా తూగడు. ఎదుట చిటికెన వేలంత గొర్రెల కాపరి దావీదు. వాగులో ఏరిన అయిదు రాళ్లలో నాలుగు కిందటేటి వేసవి బైబిలు బడిలోనే గల్లంతైనవి.

అంతలో కరెంటు వచ్చెను.

కప్పుకు వేలాడు మూడు రెక్కల గరుత్మంతుడు కిర్రున మేల్కొనెను. గొల్యాతు మొదట శిరస్సు వంచెను, పిమ్మట నడుము సడలెను, ఆపై గిరగిర తిరుగుచు ఒక మునికుమారుని ఒడిలో వెల్లకిల పడెను. దావీదు ఒడిసెల ఇంకా ఎత్తనేలేదు.

“రాయి తగలకుండానే పడిపోయాడేంటి టీచర్?”

ఇట్టి సమయాన పెద్దలనేకులు ‘నోరు మూసుకుని విను’ అను బ్రహ్మాస్త్రం సంధిస్తారు. ఆ దెబ్బకు దావీదు, గొల్యాతు ఇద్దరూ చస్తారు. టీచరమ్మ ఆ అస్త్రం ముట్టలేదు.

“ఫ్యాను గాలికి పడ్డాడు నాన్నా. అసలు గొల్యాతైతే పడడు. రా, ఎంతుంటాడో కొలుద్దాం” అని చాక్‌పీసు దూసెను. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఒక మూర. సిమెంటు గచ్చుపై ఆరు మూరలు, ఆపైన ఒక జాన. గీత వెంబడి ఇద్దరు మునులు పడుకొనిరి, చాలలేదు. మూడవవాడు చేరినగాని రాక్షసుడు పూర్తికాలేదు. తల వంతు వచ్చినవానికి గర్వం అక్కడికే ఎక్కెను. పాదాల వంతువాడు అలిగెను. ఆ గొర్రెల కాపరి కుర్రవాడు తలెత్తి ఎంత పైకి చూసి ఉంటాడో సభకు అప్పుడు బోధపడెను.

అంతట మొదట ప్రశ్నించిన మునికుమారుడే మరల లేచెను.

“టీచర్, మరి దేవుడు ఎన్ని మూరలు?”

వేదాంతులు బీరువాలకు బీరువాలు నింపిన ప్రశ్న. ఆమె చాక్‌పీసు వాని చేతిలో పెట్టి, “నువ్వే గీయి” అనెను. వాడు ప్రసంగపీఠం మెట్టు వద్ద ఆరంభించి, గుమ్మం దాటి, చెప్పుల గుట్టను చుట్టి, సైకిళ్ల కింద దూరి, గేటు దాకా గీసుకొంటూ పోయి, వట్టి చేతితో పరుగున తిరిగి వచ్చెను.

“టీచర్, ఇంకో చాక్‌పీసు!”