నన్ను వెనక్కి తిప్పండి

నేను వీడియో క్యాసెట్‌ని. నలుగురు అక్కచెల్లెళ్లలో ఆఖరిదాన్ని. మా పెద్దక్క 1999 ఫిబ్రవరి 20న జపాను దుకాణాల్లోకి వచ్చింది. నేను సెప్టెంబరు 22న వచ్చాను. మా నలుగురి ఒంటి మీదా ఉన్నది ఒకే కథ, ‘రురౌని కెన్షిన్’లోని జ్ఞాపకాల అధ్యాయం. దాని ముగింపు నా వంతుకు వచ్చింది.

నా పుట్టుకలో చెప్పుకోదగ్గ వింతేమీ లేదు. అరంగుళం వెడల్పు పాలిస్టర్ రిబ్బను, దాని మీద ఇనుప ఆక్సైడు పూత, అంతే. సెకనుకు మూడు సెంటీమీటర్ల పైచిలుకు చొప్పున నడుస్తాను. అరగంట కథకు అరవై మీటర్లు చాలు. ఆ తుప్పురంగు పొడిలోనే ఒక మనిషి జీవితం ఇమిడింది. నా గర్వమంతా అదే.

మాకంటే ముందు, 1996 నుంచి 1998 దాకా కెన్షిన్ కథ టీవీలో వచ్చింది. నొబుహిరో వాత్సుకి బొమ్మల కథ దానికి మూలం. అందులో కాలం 1878. ఎర్రజుట్టు దేశదిమ్మరి కెన్షిన్ నవ్వుతూ నవ్విస్తూ తిరుగుతుంటాడు. పదును వెనకవైపు ఉండే కత్తి పట్టుకుని, ఇక ఎవర్నీ చంపనని ఒట్టేసుకుంటాడు. అతని ఎడమ చెంప మీద శిలువలాంటి మచ్చ ఉంటుంది. పిల్లలందరికీ ఆ మచ్చ తెలుసు. అది ఎలా పడిందో చూపించే బరువు మా మీద పడింది.

టీవీలో చూపలేనిది మేం చూపగలిగాం. నేరుగా క్యాసెట్ల మీద విడుదలయ్యే బొమ్మల చిత్రాలు జపానులో 1983లో ‘డల్లోస్’తో మొదలయ్యాయి. మేమూ ఆ కోవే. ఇంటిల్లిపాదీ కూర్చునే సాయంత్రపు వేళ కోసం కథను మెత్తబరచాల్సిన అవసరం మాకు లేకపోయింది. దర్శకుడు కజుహిరో ఫురుహషి నవ్వులన్నీ పక్కన పెట్టాడు. టాకు ఇవసాకి సంగీతం సమకూర్చాడు.

మా కథలో కెన్షిన్ ఇంకా కుర్రాడు. లోకాన్ని బాగుచేస్తానని గురువును ఎదిరించి కొండ దిగుతాడు. 1864 నాటి క్యోటోలో పాత ప్రభుత్వాన్ని కూలదోయాలనుకున్న చోషూ వర్గం పక్షాన రాత్రిపూట మనుషుల్ని చంపే కత్తిగా మారతాడు. త్వరలో పెళ్లి కావలసిన ఒక యువకుడు చనిపోతూ అతని చెంప మీద మొదటి గాటు పెడతాడు. ఆ యువకుడి కోసం ఎదురుచూసిన తొమోయె పగ తీర్చుకోవాలనే కెన్షిన్ దగ్గరికి చేరుతుంది. పగ ప్రేమగా మారుతుంది. చివరికి మంచులో, అతణ్ని కాపాడబోయి అతని కత్తికే బలవుతుంది. రెండో గాటు ఆమె చేతిలోని చురకత్తిదే. ఆ మంచు కురిసేది నా రిబ్బను మీదే.

కెన్షిన్ కల్పితమే అయినా, వాత్సుకికి ప్రేరణ నిజంగా బతికిన కవకామి గెన్సాయి. 1864లో క్యోటో వీధిలో పండితుడు సకుమా షోజాన్‌ను చంపినవాడతను. తర్వాత కొత్త ప్రభుత్వమే అతనికి మరణశిక్ష వేసింది. మంచి రాజ్యం కోసం చేసిన హత్య కూడా హత్యే. మేం నలుగురం చెప్పింది అదే.

ఇక నా బాధ వినండి. నేను అద్దె దుకాణంలో బతికాను. చూసినవాళ్లు వెనక్కి తిప్పి ఇవ్వాలని పెట్టె మీద రాసే ఉండేది. చాలామంది తిప్పలేదు. తర్వాత తీసుకెళ్లినవాళ్లు మీట నొక్కగానే ముందు తొమోయె చావే కనిపించేది. ఆమె ఎవరో తెలియకముందే ఆమెను పోగొట్టుకున్నారు. నన్ను ఎండలో కార్లలో వదిలేసినవాళ్లున్నారు. దుమ్ము పట్టిన యంత్రాల్లోకి తోసినవాళ్లున్నారు.

ప్రేమతో గాయపరిచినవాళ్లూ ఉన్నారు. ఆమె ఆఖరి చూపు దగ్గర బొమ్మను ఆపి, అలాగే చూస్తూ కూర్చునేవాళ్లు. నేను కదలకుండా నిలబడినా యంత్రంలోని డ్రమ్ము ఆగదు. సెకనుకు ముప్ఫైసార్లు తిరుగుతూ ఒకేచోట రాపాడుతుంది. అక్కడ నా పూత రాలిపోయి తెరమీద తెల్లటి చుక్కలు మొదలయ్యాయి. అందరూ ఎక్కువగా ప్రేమించిన చోటే నేను ఎక్కువగా అరిగిపోయాను. ఏది కథలోని మంచో, ఏది నా గాయమో ఇప్పుడు విడదీసి చెప్పలేరు.

తర్వాత డీవీడీలు వచ్చాయి. మా అర కుంచించుకుపోయింది. నన్నొక బుట్టలో పడేసి అగ్గువకు అమ్మేశారు. కొన్నాయన నాలుగైదుసార్లు చూసి అటక ఎక్కించాడు. ఆయన వీసీఆర్ చెడిపోయింది, బాగుచేసేవాడు దొరకలేదు. 2016 జులైలో ఫునాయి సంస్థ తయారీ ఆపేయడంతో కొత్త వీసీఆర్ పుట్టుకే ఆగిపోయింది. ఏటా వానాకాలపు తేమ నన్ను పట్టుకుంది. చుట్టల అంచుల మీద తెల్లగా బూజు పెరిగింది. నన్ను తిప్పే చేయి లేదు, నన్ను చదివే యంత్రం లేదు.

అయినా నా కథ చావలేదు. డీవీడీగా, బ్లూ-రేగా బతికే ఉంది. నేను పోయినా కెన్షిన్ ఉంటాడు, తొమోయె ఉంటుంది.

ఇది చదువుతున్న తెలుగువాళ్లతో ఒక్క మాట. మీ ఇంటి అటక మీదా పెళ్లి క్యాసెట్ ఒకటి ఉండే ఉంటుంది. తాతయ్య అక్షింతలు వేస్తున్న చెయ్యి, అమ్మమ్మ గొంతు ఇంకెక్కడా లేకపోవచ్చు. నాకున్నట్టు దానికి మరో నకలు లేదు. బూజు ఉంటే దాన్ని యంత్రంలో పెట్టకండి. పని తెలిసినవాళ్ల దగ్గర శుభ్రం చేయించి, డిజిటల్‌లోకి ఎక్కించి, రెండు చోట్ల దాచండి. ఈ వానాకాలం రాకముందే దించండి.