నవాబుగారి కాలివేళ్లు

ప్రొద్దుటూరులో ఒక ఆఫీసు ఉందనుకోండి. జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి దానికి బ్రాంచీలు. ఒకనాడు పైనుంచి మెయిలు దిగింది: సిబ్బందిని ప్రకృతి ఒడిలోకి తీసుకెళ్లండి, అలసట తీర్చండి, ఫొటోలు పంపండి. మొదటి రెండూ కుదరకపోయినా మూడోది మాత్రం తప్పదని అందులో రాయలేదు. ఉద్యోగం చేసేవాడికి ఆ మాత్రం అర్థమవుతుంది.

ఎక్కడికి పోవాలన్న దానిమీదే మొదటి మీటింగు. పులివెందులవాళ్లు గండి అన్నారు. పాపాఘ్ని కొండను చీల్చుకొని వచ్చేచోటు, పక్కనే వీరాంజనేయస్వామి, రెండు పనులూ అవుతాయన్నారు. భక్తికి బడ్జెట్లో హెడ్డు లేదని మేనేజరుగారు కొట్టేశారు. మైలవరం డ్యాము అన్నవాళ్ల మనసు చేపల మీద ఉందని అందరికీ తెలుసు. చివరికి గండికోట నెగ్గింది. దాన్ని నెగ్గించింది జమ్మలమడుగు కాదు, బెంగళూరు. శనివారమైతే చాలు, అక్కడి సాఫ్ట్‌వేరు పిల్లలు టెంపో ట్రావెలర్లలో వచ్చి, లోయ దగ్గర టెంట్లలో పడుకొని, సూర్యోదయం ఫోన్లో నింపుకొని పోతున్నారు. పెన్న పుట్టింది కూడా ఆ పక్క నందికొండల్లోనే కాబట్టి, నది వెంట జనం దిగిరావడంలో వింతేమీ లేదు. వింతంతా మనదే. గంట దూరంలో ఉన్నదాని గొప్ప మనకు తెలియడానికి కర్ణాటక నంబరు బండి రావలసొచ్చింది.

దాన్ని ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’ అంటే గానీ మనకు ఆనదు. అమెరికా కాన్యన్ లోతు 1,800 మీటర్ల పైమాట, మనది మూడొందల అడుగులంటారు. ఎర్రమల కొండల్ని పెన్న తీరిగ్గా కోసుకుంటూ పోయిన ఆ ఎర్రటి గోడలు తమంతట తాము బాగానే ఉన్నాయి. ఆ పోలిక తెచ్చి వాటిని పొట్టివాళ్లను చేసింది మనమే.

ఇక తేదీ. అక్టోబరులో దసరా. ప్రొద్దుటూరు దసరా వదిలి ఊరు దాటితే అమ్మవారు క్షమించినా ఇంట్లోవాళ్లు క్షమించరు. కార్తీకం చల్లగా ఉంటుంది, కానీ ఆదివారాలన్నీ వనభోజనాలు. ఇప్పుడు ఏ కులం ఉసిరిచెట్టు ఆ కులానిది. చెట్టుకో ఫ్లెక్సీ, ఫ్లెక్సీకో నాయకుడు. ఆ ఆఫీసులో ఉన్న పద్దెనిమిది మందిని ఆరు చెట్లు పిలిచాయి. అందరూ ఒకే చెట్టు కింద విస్తరి వేసుకోగల గుంపు ఊళ్లో ఇదొక్కటే, దానికేమో ఆదివారం దొరకలేదు. డిసెంబరులో ఆడిట్, జనవరిలో సంక్రాంతి, ఆపైన మార్చి దాకా టార్గెట్లు. అట్లా నెలనెలా వాయిదాపడి ప్రకృతి ఒడి మే నెలకు ఖరారయింది.

ప్రోగ్రాం షీటు చదివేటప్పుడు అటెండరు పెద్దాయన టీలు పంచుతూ ఉన్నాడు. ఉదయం పదిన్నరకు ఐస్ బ్రేకర్ అని మేనేజరుగారు చదివారు. “మే నెల్లో ఐసు దొరికితే పగలగొట్టడం యాల సార్, నీళ్లలో యేసుకుంటే పోలా” అన్నాడాయన. పదకొండున్నరకు లోయ అంచున ట్రస్ట్ ఫాల్: ఒకరు కళ్లు మూసుకొని వెనక్కి పడతారు, సహోద్యోగులు పట్టుకుంటారు. పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. “ఇంక్రిమెంట్లు పడినంక పెట్టుకుంటే మేలు సార్. ఇప్పుడైతే పట్టుకునేటోళ్లు తక్కువ.” పైగా ఆడ నీడ లేదని, తెల్లారకముందే పోయి తొమ్మిదికల్లా కిందికి దిగాలని, మనిషికి నాలుగు సీసాల నీళ్లు కావాలని చెప్పాడు. మినిట్స్‌లో ఇవేవీ ఎక్కలేదు. ఎక్కించేది ఆఫీసర్లు మాట్లాడిన మాటలే.

పోయారు. పదిన్నరకే రాయి కాలింది. ఐసు అంతకుముందే కరిగింది. లోయను చూసిన వాళ్లు నీడ కోసం పాత ధాన్యాగారంలోకి చేరారు. అది నిజంగా చల్లగా ఉంటుంది. ఆ చల్లదనంలో మేనేజరుగారికి నాలుగో త్రైమాసికం గుర్తొచ్చింది. ఒక చెవిన ఒక ఫోను, రెండో చేతిలో ఇంకొకటి, ఒళ్లో లాప్‌టాప్.

ఈ సంప్రదాయం గండికోటకు కొత్త కాదని ఒప్పుకోవాలి. గోల్కొండ సేనాని నవాబు మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోట పట్టుకున్నాడు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి నగలు అమ్ముకుందామని ఆయన్ను వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. నవాబుగారు డేరాలో కూర్చొని ఉత్తరాలు చూస్తున్నారట. జోళ్లు లేని కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల మధ్య కొన్ని. ఒకటి కాలినుంచి, ఒకటి చేతినుంచి తీస్తూ ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెబుతున్నారు. మధ్యలో నేరస్థుల్ని నిలబెట్టి తీర్పులు కూడా. అంటే కొండమీద డేరా వేసుకొని ఆఫీసు నడపడమనే విద్యలో మన మేనేజరుగారు మూడున్నర శతాబ్దాలు వెనకబడ్డారు, కాలివేళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకు, షీటులో లేని పని ఒకటి జరిగింది. ఆర్డరిచ్చిన శాండ్‌విచ్ పెట్టెలు ఎండకు చెడిపోయి, జమ్మలమడుగు దారిలో ఒక పూరింటి కొట్టు దగ్గర బస్సు ఆపాల్సి వచ్చింది. వేపచెట్టు కింద పట్టలు పరిచారు. కొట్టు నడిపే అవ్వ రాగిసంకటి ముద్ద పెట్టి, నడుమ బొటనవేలితో గుంత చేసి నెయ్యి పోసింది. పక్కన ఊరిబిండి, పైన నాటుకోడి పులుసు. సంకటి చేతికంటుకున్నాక ఫోను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అది మూడుసార్లు మోగి ఊరుకుంది. పులివెందుల క్యాషియరు తన తొలి పోస్టింగు కథ చెప్పాడు. జమ్మలమడుగు మేడం అంతకంటే ఘోరమైనది చెప్పింది. మేనేజరుగారికి పొలమారేంత నవ్వొచ్చింది, రెండో ముద్ద అడిగారు.

పై ఆఫీసు ఖర్చులన్నీ మంజూరు చేసింది: బ్యానరు, టోపీలు, పాడైపోయిన శాండ్‌విచ్‌లు. సంకటి వోచరు మాత్రం తిరిగొచ్చింది, జీఎస్టీ నంబరు లేదని. ఏడాదికి 20 లక్షల లోపు అమ్మే హోటలుకు రిజిస్ట్రేషను అక్కర్లేదని క్యాషియరు రాసి చూశాడు. అయితే ఆ అవ్వ టర్నోవరు 20 లక్షలు దాటలేదని ఆమె చేత డిక్లరేషను తెమ్మన్నారు. పెద్దాయన ఆ కాగితం పట్టుకొని బస్సెక్కాడు. బస్సు చార్జీకి ఇంకో వోచరు.