అమ్మాయి పురుటికి శంషాబాద్‌లో ఫ్లైటెక్కే అమ్మలకు చిట్కాలు

ముందు తూకం సంగతి. అమెరికాకు మామూలుగా రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు గేటు బయట ఆఖరిసారి తూచినప్పుడు బరువెక్కువుంటే కంగారు పడకండి. అక్కడే నేల మీద పెట్టె తెరిచి, ఐరన్, కాల్షియం షీట్లు మొదట తీసి, సాగనంపడానికొచ్చిన తమ్ముడి చేతిలో పెట్టండి. అవి వంద గ్రాములు కూడా ఉండవు, నిజమే. అలాగని వెల్లుల్లి కారం, కాయం సీసా, పాత చీరల బొంత ముట్టుకుంటామా?

దిగగానే పథ్యం. ఆకుకూర పెడితే బిడ్డకు పచ్చ విరేచనాలు, పప్పు వాతం, గుడ్డు వేడి, పెరుగు జలుబు. ఇన్నీ తీసేశాక అన్నం, కారం, నెయ్యి మిగులుతాయి. బాలింతకు అంతకన్నా ఏం కావాలి? మీరు శాకాహారులైతే బి12 దొరికేది ఆ పాలూ పెరుగుల్లోనేనని ఎవరైనా గుర్తుచేస్తే వినబడనట్టుండండి. ఇక్కడ శంషాబాద్ రన్‌వే కంచె ఇవతల ఊళ్లోనేమో ఆరోగ్యలక్ష్మి భోజనమంటూ అంగన్‌వాడీ టీచరమ్మ బాలింతలకు పప్పు, కూర, గుడ్డు, 200 మి.లీ. పాలు పెడుతుంటుంది. ఆమెకు పథ్యం తెలియదు పాపం.

పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అమ్మాయి మాత్రలకు పట్టుబడితే ఐరనూ కాల్షియమూ కలిపి, చిక్కటి టీతో ఒక్క గుక్కలో మింగించండి. అలా వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదనీ, వేర్వేరు పూటల వేసుకోవాలనీ డాక్టర్లంటారు, వాళ్లకేం, చెబుతారు. విరేచనం నల్లగా అయితే ఐరన్‌కు అది మామూలేనని చెప్పకండి. మాన్పించడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. మన ప్రభుత్వం కాన్పయ్యాక 180 రోజులు వాడమంటుంది. మీరు పదకొండో రోజు పురుటి స్నానంతో సరిపెట్టేయండి.

ఇక ఎండ. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, మూసిన కిటికీ అద్దం వెనక కూచోబెట్టండి. డి విటమిన్ పుట్టించే కిరణాలు అద్దం దాటవట. వెలుతురు దాటుతోందిగా! పసిబిడ్డకు రోజూ 400 యూనిట్ల డి చుక్కలని అక్కడి డాక్టరు రాస్తే, తల్లిపాలలో లేనిదేముందని ఆ సీసా అలమరా పైకెక్కించండి.

నెల తిరిగేసరికి లేచినప్పుడల్లా కళ్లు తిరుగుతున్నాయని అమ్మాయి అంటుంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయిద్దామని అల్లుడుగారంటారు. ఆయన్ను ఆఫీసుకు పంపించి, ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి స్టవ్ మీద వేయండి. పొగ అలారం మోగి ఫైరింజన్ వచ్చిందంటే, దిష్టి గట్టిగానే తగిలిందన్నమాట.