బ్యాటరీ పటేలు

ఆదిలాబాదు జిల్లాలో జైనథ్, బేల, తాంసి, తలమడుగు ప్రాంతములలో ఏ పల్లెకు బోయినను, నల్లరేగడిలో పత్తిమొక్క నడుమెత్తు లేచి, పచ్చదోమయు తెల్లదోమయు దాని ఆకుల చాటున కాపురము పెట్టు శ్రావణ భాద్రపదములలో, ఎరువుల దుకాణపు అరుగుమీద ఒక పెద్దమనిషి మనకు తప్పక దర్శనమిచ్చును. యాబది యేండ్ల వయస్సు, తలకు తువాల, చేత సెల్లుఫోను, ముఖమున సమస్త లోకమునకు మునుముందుగా మేలుకొన్నవాని గాంభీర్యము. ఈతడు సర్పంచి కాడు, షావుకారు కాడు, పంచాంగము చెప్పు పంతులును కాడు. చేనికి మందు కొట్టుటకు పెట్రోలు పంపును విసర్జించి బ్యాటరీ పంపును స్వీకరించినవాడు; అంతమాత్రమే. కాని కొత్తగా మాల వేసికొన్న కన్నెస్వామి గురుస్వామికంటె నెక్కువ నియమములు చెప్పునట్లు, ఈతడును ఎదురుపడిన ప్రతి రైతునకు బ్యాటరీ ధర్మము నుపదేశింపక విడువడు. ఊరివారు ఈతనిని బ్యాటరీ పటేలందురు. ఆ బిరుదమునం దెగతాళి యున్నదని ఆయన కింతవరకు తోచలేదు.

ఈతని పూర్వాశ్రమము నెరుగనిదే ప్రస్తుతాశ్రమపు మహిమ బోధపడదు. ఊరివారు తైవాను పంపని పిలుచు ఆ పెట్రోలు యంత్రము ఖాళీగా నున్నప్పుడే పది కిలోల బరువు. పైన ఇరువది యైదు లీటర్ల మందునీరు పోసి, వాన వెలిసిన రేగడిలో అడుగడుగునకు కాలు దిగబడుచుండగా వీపున మోయవలెను. దానికి ముందొక క్రతువు కలదు: పెట్రోలులో ఆయిలు కొలిచి కలుపుట, చోకు వేయుట, తాడు గుంజుట, అది దగ్గి యూరకుండుట, మరల గుంజుట, ప్లగ్గు నూడదీసి పంచె చెరగుతో తుడుచుట, ఊదుట, తిట్టుట, తుదకు ఆ యంత్రమును అమ్మిన దుకాణదారుని వంశవృక్షమును మూలమునుండి కొనవరకు స్మరించుట. ఇంతయు నైన పిమ్మట అది ఒక్కపెట్టున గర్జించి నీలిపొగ చిమ్మినప్పుడు పటేలు ముఖమున వెలిగెడు కాంతిని చూచినవారికి, ఆ కష్టమంతయు ఆ గర్జన కొరకే పడెనా యని సందేహము కలుగును.

నిజమునకు ఆ సందేహమే సత్యము. పెట్రోలు పంపు చప్పుడు ఆయన కొక దండోరా. ఆ మ్రోత నాలుగు చేల ఆవలకు వినిపించును. పటేలు పనిలో దిగెనని ఊరంతయు నెరుగును. పొరుగు రైతు తన చేనికి పురుగు తగిలెనేమోయని దిగులుపడి పరుగెత్తివచ్చును. నిశ్శబ్దముగా మందు కొట్టువాడు కొట్టెనో లేదో ఎవరు చూడవచ్చిరి?

అట్టివాడు మతము మార్చుకొనుటకు మూలకారణము జ్ఞానోదయము కాదు, పెట్రోలు ధర. 2021 జూన్ మాసమునకు లీటరు నూరు రూపాయలు దాటినది; దేశపు నడుమనున్న ఈ కొసజిల్లాకు చమురు చేరులోపల రవాణా ఖర్చు దానికి తోడగును. ఆ సంవత్సరమే ఆయన పదునారు లీటర్ల బ్యాటరీ పంపు కొనెను. పండ్రెండు వోల్టుల సీసపు బ్యాటరీ, మీట నొక్కినంతనే సన్నని గుయ్యిమను సద్దు, ఆపై మంచువంటి తుంపర. 1859లో ఫ్రాన్సు దేశమున ప్లాంటే యనువాడు సీసపు రేకులను ఆమ్లమున ముంచి కట్టిన బ్యాటరీయే యింతకాలమునకు పెన్‌గంగ తీరమున మన పటేలు వీపు నెక్కినది.

ఎక్కుట యెక్కినది గాని, ఇంటిలో రాజ్యమంతయు దానిదే యైనది. చేనిలో మోటారుకు కరెంటు 2018 జనవరి 1 నుండి ఇరువది నాలుగు గంటలును ఉచితము. కాని పంపు చార్జరుకు కావలసినది ఇంటిగోడకున్న చిన్న ప్లగ్గు. ఆ ప్లగ్గునకు పూర్వము టెలివిజను, ఇల్లాలి సెల్లుఫోను, మనుమని బొమ్మకారు ఉమ్మడి హక్కుదారులు. ఇప్పుడు రాత్రి భోజనమైనది మొదలు తెల్లవారుదాక దానిమీద పంపునకే సర్వాధికారము.

“ఇగో, నా ఫోన్ల చార్జింగే లేదు. రాత్రి బిడ్డ ఫోన్ చేస్తే ఎట్ల?”

“పంపుకు నిండనీ. బిడ్డ పొద్దుగాల చేస్తది.”

చార్జరు మీది ఎర్రదీపము పచ్చబడువరకు ఆయన నిద్రపోడు. నడిరేయి కరెంటు పోయినచో ఇల్లంతయు సుఖముగా నిద్రించును. ఈయన యొక్కడే లేచి చీకటిలో ఆ దీపమున్న దిక్కునకు తదేకముగా చూచుచు కూర్చుండును.

ఇంతకంటె చిత్రము చేనిలో జరుగును. యంత్రము మౌనవ్రతము పట్టినది గనుక, అది విడిచిన చప్పుడంతయు యజమాని నోటికి సంక్రమించినది. సాలులో నాలుగడుగులు వేయును, ఆగును. గట్టుమీద పోవువానిని కేకవేసి పిలుచును. పెట్రోలు ఖర్చెంత, వీపునొప్పియెంత, చెవుల హోరెంత యని లెక్కలు విప్పును. ఒకనాడు పొరుగుచేని కుర్రవాడు చేరవచ్చి యడిగెను:

“కాకా, పంపు నడుస్తున్నదా, ఆగిందా? సప్పుడే లేదు.”

“నడుస్తున్నదిరా! సప్పుడు లేకుంట నడుసుడే దీని గొప్ప.”

“మరి గంటసేపటి సంది నువ్వే ఒర్రుతున్నవు. మందు కొట్టుడెప్పుడు?”

పటేలు దీనిని ప్రశ్నగా గ్రహింపక, శిష్యుని జిజ్ఞాసగా గ్రహించి, మరొక గంట చెప్పెను.

ఆయన వాదమునకు అంతర్జాతీయ ప్రమాణములు కూడ కలవు. అల్లుడు కాలిఫోర్నియాలో ఉద్యోగి. ఆ రాష్ట్రము 2021లో చట్టము చేసి, 2024 సంవత్సరపు తయారీనుండి పెట్రోలుతో నడుచు కొత్త గడ్డికోత యంత్రములకును, ఆకులూదు యంత్రములకును తలుపు మూసినది. అట్టి ఆకులూదు యంత్రమును ఒక గంట నడిపిన, గాలిని చెరచు పొగ, కారొకటి సుమారు 1,100 మైళ్లు తిరిగినంత వెలువడునని అక్కడి వాయు కాలుష్య మండలివారి లెక్క. అల్లుడు ఫోనులో చెప్పిన ఈ మాట పటేలు నోట ఆదిలాబాదు వేషము వేసికొన్నది: “గంట సేపు తైవాను పంపు కొడితే, మనూరి నుంచి కారేసుకొని ఢిల్లీ దాటిపోయినంత పొగ!” వినువారు నలువది నాలుగవ జాతీయ రహదారి వంక చూచి, అది నిజముగా ఢిల్లీ మీదుగానే పోవుచున్నది గనుక, తల యూపుదురు.

ఒక్క విషయమున మాత్రము నాకు ఈయనపై నవ్వు రాదు. 2017లో పెన్‌గంగ కావలి యవత్మాల్ జిల్లాలో పత్తిచేలకు మందు కొట్టుచు ఆ విషపు గాలి పీల్చి పలువురు రైతులు, కూలీలు ప్రాణములు కోల్పోయిరి. బ్యాటరీ పంపు తుంపర సన్నము. సన్నమైనకొలది గాలిలో నిలిచి మనిషి ముక్కును వెదకుకొనును. పొగను గూర్చి ఢిల్లీదాక ఉపన్యసించు పటేలు తలమీది తువాలను ముక్కున కట్టుకొనుటకు మాత్రము ఒప్పుకొనడు. కట్టుకొన్నచో మాటలాడుట కష్టమట.

ఇక బహిరంగముగా చెప్పరాని మాట యొకటి. పశువుల కొట్టములో గోనెసంచుల క్రింద పాత తైవాను పంపు నేటికిని క్షేమముగా నున్నది. గట్లమీది గడ్డిని కోయు పెట్రోలు మిషనును దాని ప్రక్కనే పరుండియున్నది, ఏలయన మోదుగు మోడులకును ముండ్లకంపకును ఈయన నమ్మిన బ్యాటరీ యింకను చాలకున్నది. సీసపు బ్యాటరీని పత్తి తీసిన పిమ్మట ఖాళీగా వదలివేసిన, లోపలి పలకలపై తెల్లని పొర గట్టిపడి వానకాలమునకు అది లేవదు. మొదటి యేడే ఆయన కీ సంగతి రూపాయలతో బోధపడెను. గులాబీరంగు పురుగు ఊరంతటి మీద విరుచుకుపడిన నాడు, ఏబది పంపుల మందు ఒక్కరోజులో కొట్టవలసి, తెల్లవారకముందే ఆ కొట్టమునుండి తాడు గుంజిన చప్పుడు వినిపించినది. “కుక్కలు మొరిగినయి” అని ఆయన వివరణ.

పొలాల అమావాస్యనాడు ఊరివారు ఎద్దుల కొమ్ములకు రంగుపూసి, జూలు కప్పి ఊరేగించుచుండగా, ఎద్దులమ్ముకొన్న పటేలు బ్యాటరీ పంపునకు పసుపు కుంకుమలు పెట్టి, బెల్లపు ముక్క మూతమీద నుంచెను. చీమలు పట్టి మీట చెడిపోయినది. దానిని బాగుచేయించుటకు ఆదిలాబాదునకు పోయి రావలసివచ్చెను.

ఇటీవల ఆయన ధర్మము మరొక మలుపు తిరుగుచున్నది. 2023 నవంబరులో కేంద్రప్రభుత్వము మొదలుపెట్టిన నమో డ్రోన్ దీదీ పథకమున మహిళా సంఘములకు మందు చల్లు డ్రోనులిచ్చుచున్నారని విని, సంఘములో పదియేండ్లుగా పొదుపు కట్టుచున్న ఆయన ఇల్లాలు శిక్షణకు పోయెద నన్నది. అదియు బ్యాటరీతోనే ఎగురును, ఎకరము పది నిమిషములలో ముగించును. ఇల్లు ఒక్కసారి ఉలికిపడినది. కొడుకు ధర అడిగెను, కోడలు భద్రత అడిగెను. పటేలు చాలసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, తన కత్యవసరమైన ప్రశ్న యొకటి మాత్రము అడిగెను:

“దానికి సప్పుడుంటదా?”

“మస్తుంటదట. ఊరవతలికి ఇనిపిస్తదట” అన్నది ఇల్లాలు.

“గట్లనా? మరి పేరెప్పుడిస్తవు?” అని పటేలు చెప్పులు తొడిగికొనుచు లేచెను.